ఆగితే ఏమవుతుంది? – స్నోమొబైల్, ఆర్గో: ఒక పోలిక

స్నోమొబైల్ గంటకి 120 కిలోమీటర్లు అవలీలగా పోతుంది. ఆర్గో అనే ఎనిమిది చక్రాల నీటి-నేల బండికి నేల మీద 35 దాటడమే గగనం. నీళ్లలో అయితే గంటకి 5, అంటే మనం క్లాస్ అయ్యాక క్యాంటీన్‌కి నడిచే స్పీడ్. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే టేబుల్స్ ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి: స్పీడ్ ఎంత, బరువు ఎంత, ఎంతమంది ఎక్కొచ్చు, ట్యాంకులో ఎన్ని లీటర్లు. అన్నీ చదివాక కూడా ఒక ప్రశ్నకి జవాబు దొరకదు. ఆ బండి దారి మధ్యలో ఆగిపోతే దాని మీదున్న మనిషి గతి ఏంటి?

ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందంటే, మా టీమ్ ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తోంది. వరదలప్పుడు రక్షణ బండికి దారి చూపించడం దాని పని. మ్యాప్‌ని గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక ఖర్చు పెట్టి, అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే దారి వెతకాలి. మనందరం చదివిన డైక్‌స్ట్రానే. ఖర్చు అంటే టైమ్ అని పెట్టేసుకుంటే కోడ్ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. కానీ ఆ లెక్కలో ఎప్పుడూ వేగంగా పోయే బండే గెలుస్తుంది. మంచులో, బురదలో, నీళ్లలో నిజంగా బతికేవాళ్లు బండిని అలాగే ఎంచుకుంటారా అని చూద్దామని కెనడా గురించి చదవడం మొదలుపెట్టాను. ఈ రెండు రకాల బండ్లకీ అది పుట్టిల్లు లాంటిది.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. నేను చదివిందంతా ఇంగ్లిష్ మీడియం. ‘ఉభయచరం’ అన్న మాట నాకు చెప్పింది తెలుగు మీడియం నుంచి వచ్చిన మా రూమ్మేట్. కప్పకి వాడతారట. బండికి కూడా భలే సరిపోయింది. మంచు దగ్గర మాత్రం తెలుగులో చిక్కొచ్చి పడింది. పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, హైవే మీద ఎదురొచ్చే లారీని దాచేసేదీ మంచే, కశ్మీర్‌లో కురిసేదీ మంచే, సరస్సు గడ్డకడితే అదీ మంచే. ఈ వ్యాసం వరకు కురిసి పేరుకున్నది ‘మంచు’, నీరు గట్టిపడి పలకలా మారినది ‘మంచుగడ్డ’ అనుకుందాం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద బాగా అవసరపడుతుంది.

ఇక స్నోమొబైల్. దీని కథ స్పీడ్ సరదాతో మొదలవలేదు. 1934 చలికాలంలో, క్యూబెక్‌లోని వాల్‌కోర్ట్ అనే చిన్న ఊళ్లో, జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుక్కి పెరిటోనైటిస్ వచ్చింది. కడుపులో ఇన్ఫెక్షన్, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. హాస్పిటల్ సుమారు 50 కిలోమీటర్ల దూరంలో షెర్‌బ్రూక్‌లో ఉంది. ఆ రోజుల్లో అక్కడ చలికాలం వస్తే రోడ్ల మీద మంచు తీసేవాళ్లు లేరు, కార్లని షెడ్డులో పెట్టేసి వసంతం దాకా మర్చిపోయేవాళ్లు. బొంబార్డియేకి పదిహేనేళ్ల వయసు నుంచే మంచు మీద నడిచే బండి పిచ్చి. అప్పటికి తన గ్యారేజీలో ఒకటి తయారవుతూనే ఉంది కానీ కదిలే స్థితిలో లేదు. పిల్లాడు చనిపోయాడు.

1937లో ఆయనకి పేటెంట్ వచ్చింది: రబ్బరు తొడిగిన పళ్లచక్రం, దాని మీద తిరిగే పట్టా. అదే ఏడాది అమ్మిన మొదటి బండి పేరు బీ7, ఏడుగురు కూర్చునే చిన్న బస్సు లాంటిది. డాక్టర్లు, పోస్టల్ వాళ్లు, బడిపిల్లల్ని తిప్పేవాళ్లు కొన్నారు. 1940ల చివర్లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించడం మొదలుపెట్టాక పెద్ద బండ్లకి గిరాకీ పడిపోయింది. అప్పుడు ఆయన చిన్న బండి వైపు తిరిగాడు. తేలికపాటి ఇంజన్లు దొరికాక 1959లో స్కీ-డూ వచ్చింది. అసలు ‘స్కీ-డాగ్’ అని పెట్టాలనుకుంటే అచ్చుతప్పు వల్ల ‘స్కీ-డూ’ అయిందని చెబుతారు. కుక్కల బండికి బదులుగా వచ్చింది కాబట్టి డాగ్ అన్నమాట. ముందు రెండు స్కీలు, వెనక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా, బైక్ మీద కూర్చున్నట్టు కూర్చోవడం. ఇప్పటికీ రూపం అదే.

ఇది మంచులో ఎందుకు దిగబడదు? ఫస్టియర్ ఫిజిక్స్ చాలు: ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. నేనే ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. బండి 250 కిలోలు, మనిషి 80, మొత్తం 330. పట్టా వెడల్పు 38 సెంటీమీటర్లు, నేలకి ఆనే పొడవు సుమారు 1.2 మీటర్లు, రెండు స్కీలు కలిపి ఇంకో 0.3 చదరపు మీటర్లు. భాగిస్తే సుమారు 4.3 కిలోపాస్కల్ వస్తుంది. 70 కిలోల మనిషి రెండు కాళ్ల మీద నిలబడితే 17 దాకా ఉంటుంది. కారు టైరు కింద దాదాపు 200. అంటే మనిషి మోకాళ్ల దాకా కూరుకుపోయే మంచు మీద మనిషినీ బండినీ కలిపి మోస్తున్న పట్టా పైపైన పోతుంది. మన ఊళ్లలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనుప కేజీ వీల్స్ తొడగడం చూసే ఉంటారు. అక్కడ పని వేరు, మట్టిని కలియబెట్టాలి కూడా. కానీ మామూలు టైరుకి చేతకాని మెత్తటి నేల మీద వెడల్పు పెంచి నెగ్గుకురావడం అన్న కిటుకు ఒకటే.

లెక్క ఇక్కడితో ఆగితే స్నోమొబైల్‌కి వంద మార్కులు. నాకు ఆసక్తిగా అనిపించింది దీని తర్వాతి సంగతి. ఈ బండి మంచు మీద పోవడమే కాదు, మంచుని తింటూ బతుకుతుంది. ఇప్పటి చాలా స్నోమొబైల్స్‌లో కారుకి ఉన్నట్టు ముందు పెద్ద రేడియేటర్ ఉండదు. పట్టా తిరిగే సొరంగం పైకప్పులోనే కూలెంట్ గొట్టాలు ఉంటాయి. పట్టా ఎగజిమ్మిన మంచు వాటికి తగిలి కరుగుతుంది, ఇంజన్ చల్లబడుతుంది. పట్టా లోపల జారే ప్లాస్టిక్ పట్టీలకి కూడా ఆ మంచు తడే ఆయిల్. కాబట్టి మంచు తక్కువున్న చోట, నున్నటి మంచుగడ్డ మీద కిలోమీటర్ల కొద్దీ పోతే ఇంజన్ వేడెక్కుతుంది, పట్టీలు అరిగి కరుగుతాయి. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే మన జుగాడ్ గుర్తొచ్చింది. స్ప్రింగ్ లాంటి రెండు తీగల్ని కిందికి వేలాడదీస్తారు, అవి మంచుగడ్డని గీరుతూ పొడి లేపుతాయి, ఆ పొడి పట్టాలోకి పోతుంది. గీరాలంటే బండి కదులుతూ ఉండాలి మరి!

లోతైన మెత్తటి మంచులోనూ అంతే. వేగంగా పోతున్నంతసేపు ముక్కు పైకి లేచి తేలుతున్నట్టు పోతుంది. ఆపి, మళ్లీ ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే పట్టా కింద గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది. ఇక పార పట్టుకుని దిగాల్సిందే.

దీన్ని చివరి అంచుదాకా లాగిన ఆట ఒకటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, గ్రాంట్స్‌బర్గ్‌లో 1977 నుంచి జూలై నెలలో స్నోమొబైల్స్‌ని చెరువు మీద నడిపే పోటీలు జరుగుతున్నాయి. జూలైలో! మంచు కాదు, మంచుగడ్డ కాదు, మామూలు నీళ్లు. చిన్నప్పుడు మనం చెరువులో పెంకు విసిరితే గెంతుకుంటూ పోతుంది చూడండి, అదే సూత్రం. స్పీడ్ ఉన్నంతవరకు పట్టా నీటిని వెనక్కి, కిందికి తోస్తూ బండిని పైన నిలబెడుతుంది. స్పీడ్ తగ్గిందా, పెంకు లాగే బుడుంగుమంటుంది. అందుకే బండికి తాడు కట్టి, తాడుకి తేలే బంతి కడతారు, మునిగాక ఎక్కడుందో తెలియాలి కదా. ఆ వీడియోలు చూసి మా వింగ్ అంతా నవ్వుకున్నాం. కానీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: నీటి మీద స్నోమొబైల్‌ని నిలబెట్టేది దాని వేగం, ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఆర్గో. ఒంటారియో రాష్ట్రంలోని న్యూ హాంబర్గ్‌లో 1962లో గేర్లు తయారుచేసే కంపెనీగా మొదలైన ఒంటారియో డ్రైవ్ అండ్ గేర్ 1967లో దీన్ని తెచ్చింది. చూడ్డానికి పెద్ద స్నానాల తొట్టికి చక్రాలు పెట్టినట్టు ఉంటుంది. నిజానికి అదే. ఒంటి ముక్కగా పోసిన ప్లాస్టిక్ తొట్టి, అటు నాలుగు ఇటు నాలుగు బెలూన్ల లాంటి మెత్తటి టైర్లు. వాటన్నిటినీ చెయిన్లు తిప్పుతాయి. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు పక్కకి తిరగవు. ఎడమకి పోవాలంటే ఎడమ వైపు చక్రాలు నెమ్మదిస్తాయి, కుడివైపువి తోస్తాయి. యుద్ధ ట్యాంకు తిరిగినట్టే. నీళ్లలోకి దిగితే గేరు మార్చేదీ లేదు, బటన్ నొక్కేదీ లేదు. టైర్ల మీద గాళ్లే తెడ్లు, అవే నీళ్లని వెనక్కి తోస్తాయి. కావాలంటే వెనక పడవ మోటారు తగిలించుకోవచ్చు.

ఇది ఎందుకు తేలుతుందో మళ్లీ ఉజ్జాయింపుగా చూద్దాం. బండి 600 కిలోలు, నలుగురు మనుషులు 300, మొత్తం 900. తేలాలంటే 900 లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.5 అనుకుంటే 20 సెంటీమీటర్లు మునిగితే సరిపోతుంది. అసలు తొట్టి అడుగున ఇంకా సన్నగా ఉంటుంది, కానీ గాలి నిండిన ఎనిమిది టైర్లు కూడా నీటిని నెడతాయి కాబట్టి లెక్క మరీ తప్పిపోదు. ఈ లెక్కలో వేగం అన్న పదమే లేదు, గమనించారా? ఇంజన్ ఆగినా, బెల్టు తెగినా, పెట్రోల్ అయిపోయినా ఆర్కిమెడిస్ సెలవు పెట్టడు. మీరు తేలుతూనే ఉంటారు. తెడ్డు ఉంటే ఒడ్డుకి కూడా వస్తారు.

ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చేది గడ్డకట్టిన సరస్సు మీద. మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ ఏళ్లుగా చెప్పే సూచన ఇది: కొత్తగా కట్టిన గట్టి మంచుగడ్డ 4 అంగుళాలు ఉంటే మనిషి నడవచ్చు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాలు కావాలి. ఇక్కడ ఆగి ఆలోచించండి. పైన మనం వేసిన లెక్కలో మనిషి పాదం కిందకన్నా స్నోమొబైల్ కింద ఒత్తిడి నాలుగో వంతే కదా? మరి దానికెందుకు ఎక్కువ మందం కావాలి?

ఎందుకంటే మంచు, మంచుగడ్డ రెండూ వేరు వేరుగా ఓడిపోతాయి. మంచు నలిగి దిగబడుతుంది, అక్కడ ఒత్తిడిదే రాజ్యం. మంచుగడ్డ అలా కాదు. అది నీటి మీద తేలే పలక. బరువు పడితే మొత్తం పలక వంగుతుంది, వంపు ఎక్కువైతే విరుగుతుంది. బరువుని అర చదరపు మీటరులో పరిచారా, ఒక చదరపు మీటరులో పరిచారా అన్నది పెద్ద పలకకి పెద్దగా పట్టదు, మొత్తం ఎంత బరువన్నదే పడుతుంది. మందం రెట్టింపైతే మోయగల బరువు సుమారు నాలుగు రెట్లు అవుతుంది. తిరగేసి చదివితే భయం వేస్తుంది: ప్రవాహం ఉన్న చోట, వాగు వచ్చి కలిసే చోట మందం సగమైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. పైన మంచు కప్పి ఉంటుంది కాబట్టి కంటికి తేడా కనపడదు.

విరిగితే? స్నోమొబైల్ మునుగుతుంది. మనిషి నీళ్లలో ఉంటాడు. చలినీటి మీద పరిశోధన చేసిన మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని ఒక సూత్రం నేర్పిస్తారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే పోతుంది. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ చెప్పినమాట వింటాయి, బయటపడాలంటే ఆ లోపే. ఆ తర్వాత ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అదే చోట ఆర్గో విరగ్గొట్టుకుని పడితే తొట్టిలోని మనుషులు తడవకుండా కూర్చునే ఉండొచ్చు. అలాగని ఇబ్బంది లేదని కాదు. విరిగిన అంచు మీదికి మళ్లీ ఎక్కబోతే తడి టైర్లు జారుతాయి, విసుగు పుట్టేదాకా ప్రయత్నించాలి, వించ్ ఉంటే నయం. కానీ ఆ ప్రయత్నం 10 నిమిషాల్లో ముగిసి తీరాలన్న గడువు లేదు.

అయితే ఆర్గోనే కొనుక్కుందామా? తొందరపడకండి. బొంబార్డియే ఇంటి నుంచి హాస్పిటల్‌కి 50 కిలోమీటర్లు. మామూలు స్నోమొబైల్ దారి మీద గంటకి 50 పోతే గంటలో చేరుస్తుంది. ఆర్గో మంచులో గంటకి 20 పోతుందనుకుంటే రెండున్నర గంటలు. రెండేళ్ల పిల్లాడి కడుపులో చీము తిరుగుతుంటే ఆ గంటన్నరకి ఎవరు జవాబు చెబుతారు? పైగా ఉత్త టైర్ల మీద ఆర్గో నేలని నొక్కే ఒత్తిడి సుమారు 14 కిలోపాస్కల్, దాదాపు మనిషితో సమానం. లోతైన మంచులో తొట్టి పొట్ట ఆనుకుని చక్రాలు ఊరికే తిరుగుతాయి. టైర్ల మీద రబ్బరు పట్టాలు తొడిగితే 5 దగ్గరికి దిగుతుంది కానీ బరువు పెరుగుతుంది, స్పీడ్ ఇంకా తగ్గుతుంది.

నీళ్లలో కూడా ఆర్గో ధైర్యం నిలవనీటికే. గంటకి 5 కిలోమీటర్లంటే సెకనుకి 1.4 మీటర్లు. వాగు సెకనుకి 2 మీటర్లు పోతుంటే ఎదురీదడం కుదరదు, బండిని వాగే నడుపుతుంది. ఇక్కడ మన దగ్గరి సంఘటన ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాళ్లని తెచ్చింది పడవ కాదు, హెలికాప్టర్ కాదు, ఒక జేసీబీ. ప్రాణానికి తెగించి డ్రైవర్ దాన్ని నీళ్లలోకి నడిపాడు. తేలడం మంచి గుణమే అని పైన అంత రాశాను కదా, అక్కడ తేలే గుణమే ప్రమాదం అయ్యేది. నేలని పట్టుకుని నిలబడ్డ టన్నుల బరువే కాపాడింది. నా ప్రోగ్రామ్‌లో ‘నీరు’ అని ఒకే రంగు వేసిన గళ్లన్నీ ఆ వార్త మళ్లీ చదివాక రెండుగా విడగొట్టాం: నిలవనీరు, పారేనీరు.

మన సైన్యం దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. సియాచిన్‌లో వాడే స్నోమొబైల్స్‌ని స్నో స్కూటర్లు అంటారు. అక్కడ సరస్సు మంచుగడ్డ భయం కాదు, హిమానీనదంలో మంచు కప్పేసిన పగుళ్ల భయం. ఉభయచరాల్లో ఏటీఓఆర్ ఎన్1200 అని ఉంది. షెర్ప్ అనే బండికి ఇది మన దేశపు రూపం, చండీగఢ్‌లో తయారవుతుంది. 2025లో పంజాబ్ వరదల్లో ఊళ్లలో చిక్కుకున్నవాళ్లని తేవడానికి దింపారు. చక్రాలు నాలుగే కానీ ఒక్కోటి మనిషంత ఎత్తు. షెర్ప్‌లో నాకు బాగా నచ్చిన ఇంజనీరింగ్ ఏంటంటే, టైర్లలో గాలిని ఇంజన్ పొగతోనే నింపుకుంటుంది. మెత్తటి నేల వస్తే గాలి తీసి టైరు పరుచుకుంటుంది, గట్టి నేల వస్తే మళ్లీ నింపుకుంటుంది. నేల మీద గంటకి 40, నీళ్లలో 6. ఇంత పెద్ద చక్రాలున్నా నీటిలో ఆర్గోకన్నా ఒక్క కిలోమీటరే ఎక్కువ! పంజాబ్ పొలాల్లో నిలిచిన నీటికి అది చాలు, మున్నేరు వంతెన దగ్గర చాలదు.

ఇప్పుడు మా ప్రోగ్రామ్‌లో ఒక్కో గడికి రెండు అంకెలు ఉన్నాయి. దాటడానికి పట్టే టైమ్ ఒకటి. ఆ గడిలో బండి ఆగిపోతే లోపలి మనిషికి మిగిలే టైమ్ రెండోది. స్నోమొబైల్‌కి పలచటి మంచుగడ్డ గడిలో ఆ రెండో అంకె 10 నిమిషాలు. ఆర్గోకి నిలవనీటి గడిలో కొన్ని గంటలు, పారేనీటి గడిలో దాదాపు సున్నా. దారి వెతికేటప్పుడు సహాయం వచ్చి చేరే టైమ్‌కన్నా రెండో అంకె తక్కువున్న గడిని మూసేస్తాం. ఇలా చేస్తే కొన్నిసార్లు దారే దొరకదు. మా టీమ్‌లో ఒకడు దాన్ని బగ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే నిజంగానే దారి లేని చోట్లు ఉన్నాయి.

ఒంటారియో ఉత్తరాన మూస్ నది మీద మూసొనీ, మూస్ ఫ్యాక్టరీ అని రెండు ఊళ్లున్నాయి. మూసొనీ ఒడ్డున ఉంది, మూస్ ఫ్యాక్టరీ నది మధ్య దీవిలో ఉంది. హాస్పిటల్ దీవిలో. ఎండాకాలం పడవలు తిరుగుతాయి. నడి చలికాలం నది గట్టిపడ్డాక దాని మీదే రోడ్డు వేస్తారు, కార్లూ స్నోమొబైల్సూ పోతాయి. ఆ రెండిటి మధ్య, నది గడ్డకడుతున్నప్పుడూ మళ్లీ విరుగుతున్నప్పుడూ, పడవకి గడ్డ అడ్డం, స్నోమొబైల్‌కి నీళ్లు అడ్డం, ఆర్గోకి గడ్డముక్కల్ని మోసుకొచ్చే ప్రవాహం అడ్డం. ఆ రోజుల్లో ఒడ్డు నుంచి హాస్పిటల్‌కి పోవాలంటే హెలికాప్టర్ ఎక్కాలి.